విశాఖలో హాస్టల్ పెడుతున్నాం: పక్కల సంగతి తేల్చిన డైరీ

ఏప్రిల్ మొదటి వారం

లాసన్స్ బే కాలనీలో మా మేనత్త వాళ్ళ రెండంతస్తుల ఇల్లు లీజుకి రాసుకున్నాం, నేనూ మా తమ్ముడూ. పదహారు పడకల డార్మిటరీ హాస్టల్ పెడుతున్నాం. కింద పెద్ద గదిలో ఆరు పడకలు ఆడవాళ్ళకి, పైన రెండు గదుల్లో పది. విశాఖలో లాడ్జిలకి కొదవ లేదు. కానీ ఒంటరిగా వచ్చి ఒక్క రాత్రి పడుకుని వెళ్ళిపోయే మనిషి కూడా గది మొత్తానికి డబ్బు కట్టాల్సిందే. మా హాస్టల్ అలాంటి మనిషి కోసం.

ఎవరెవరు వస్తారో ముందే ఒక కాగితం మీద రాసుకున్నాం. పొద్దున ఏడు లోపే బయల్దేరే అరకు రైలు అందుకోవడానికి ముందురోజు ఊళ్ళో దిగేవాళ్ళు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి పోటీ పరీక్షలు రాయడానికి వచ్చే పిల్లలు. వంజంగి, లంబసింగి మంచు చూసి అక్కణ్ణించి నేరుగా బీచ్‌కి వచ్చే కుర్రాళ్ళు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకి వచ్చేవాళ్ళు. వీళ్ళలో ఎవరూ టీవీ అడగరు, సోఫా అడగరు. అందరికీ కావలసింది శుభ్రమైన పక్క. అందుకే రంగులూ బోర్డులూ తర్వాత చూసుకుందామని, ముందు పక్కల సంగతి తేల్చడానికి కూర్చున్నాం.

అనుమతుల పని వేరేగా నడుస్తోంది. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, ఫైర్ వాళ్ళ కాగితం. విదేశీయులు దిగితే ఇరవైనాలుగు గంటల్లోపు వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. అదంతా తమ్ముడు చూసుకుంటున్నాడు.

ఏప్రిల్ చివర

ఎంవీపీ కాలనీలో ఒక పీజీ హాస్టల్ మూసేస్తున్నారు, ఇనుప బంక్ మంచాలు పరుపులతో సహా సగం ధరకి ఇస్తామన్నారు. తమ్ముడికి ఆశ పుట్టింది. వెళ్ళి చూశాం. మంచాలు గట్టిగానే ఉన్నాయి. నేను ఫోన్ టార్చి వేసి, పాత ఏటీఎం కార్డు ఒకటి పట్టుకుని పరుపు కుట్టు మడత వెంబడి మెల్లగా లాగాను. మూలకి వచ్చేసరికి నల్లటి చుక్కలు కనిపించాయి, పెన్నుతో పొడిచినట్టు వరసగా.

"అవి తుప్పు మచ్చలమ్మా, ఏటీ కాదు" అన్నాడు అక్కడి మనిషి.

తడి టిష్యూతో ఒక చుక్క మీద రుద్దాను. గోధుమ ఎరుపు రంగు దిగి బట్టలోకి పాకింది. మంచం పైపు, పట్టీ కలిసే సందులో కార్డు పెట్టి గీకితే పొట్టులాంటిది రాలింది. నల్లి విడిచిన చర్మం అది. ఇంక మాటల్లేవు, వచ్చేశాం. తమ్ముడు దారంతా లెక్క వేస్తూనే ఉన్నాడు, మందు కొట్టిస్తే పోతాయి కదక్కా అని. పోవు. పెద్ద నల్లి ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది, గుడ్డు ఒక్క మిల్లీమీటరే, అదీ సందుల్లో అతుక్కుని ఉంటుంది. ఇవాళ మందు కొడితే వారం పదిరోజుల్లో గుడ్లు పొదుగుతాయి, మళ్ళీ కొట్టాలి. మామూలుగా కొట్టే మందులు చాలావాటికి నల్లులు ఇప్పటికే అలవాటు పడిపోయాయి. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. శివుడు కొండ మీద, విష్ణువు పాము మీద పడుకున్నది నల్లుల బాధ పడలేకేనని మనవాళ్ళు చాటువు చెప్పుకున్నారంటే ఊరికే కాదు.

నల్లి వల్ల రోగాలు వస్తాయని తేలలేదు, నిజమే. కానీ ఒక్కసారి "ఆ హాస్టల్లో నల్లులట" అనే మాట బయటికి వెళ్ళిందంటే పదహారు పడకలూ ఖాళీయే. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మంచం కానీ పరుపు కానీ దిండు కానీ కొనం అని ఆ రోజే రాసేసుకున్నాం. మా మొదటి నియమం అది.

మే

మంచాలు గాజువాకలో చేయిస్తున్నాం. ఇక్కడి సముద్రపు గాలికి మామూలు పెయింటు ఇనుము ఎక్కువకాలం ఆగదు. గాల్వనైజ్డ్ పైపు, పైన పౌడర్ కోటింగ్. పైపు చివర్లన్నీ మూతలు పెట్టి మూసేయమన్నాను. తెరిచిన గొట్టంలో తడీ చేరుతుంది, పురుగూ చేరుతుంది. పరుపు కింద వేసే ప్లైవుడ్‌కి చిల్లులు పెట్టించాను, గాలి ఆడకపోతే ఈ ఊరి ఉక్కకి పరుపు అడుగున బూజు పడుతుంది.

తుప్పు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం దుప్పట్లే. తుప్పు పట్టిన పైపుకి తడి గుడ్డ తగిలితే పడే మరకకి బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదురుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే వదులుతుంది. కానీ రోజుకి పదహారు దుప్పట్లకి నిమ్మకాయలు ఎవరు పిండుతారు?

పరుపుల దగ్గర అత్తయ్యతో వాదన అయింది. ఫోన్లో, "బూరుగు దూది పరుపులు కుట్టించవే, ఒంటికి చలవ" అంటుంది. చలవే, కాదనను. చిన్నప్పుడు ఆ ఇంట్లో వాటి మీదే పడుకున్నాం. కానీ 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పై గది కిటికీ విరిగి వాన కొట్టి, ఆ పరుపులన్నీ తడిశాయి. కరెంటు లేదు, ఎండ లేదు, లోపల దూది ఆరదు. చివరికి రోడ్డు మీద పడేయాల్సి వచ్చింది. ఆ సంగతి గుర్తు చేస్తే, "నిజమేలే" అంది. బూరుగు దూదిని ఏడాదికోసారి ఏకించాలి, వారానికోసారి ఎండలో వెయ్యాలి. ఇంటికి సరిపోతుంది, హాస్టల్‌కి సరిపోదు.

కొబ్బరి పీచు మీద పల్చని ఫోమ్ వేసిన నాలుగంగుళాల పరుపు తీసుకున్నాం. ఆరంగుళాలది ఇంకా మెత్తగా ఉంటుంది కానీ పై బంకులో పరుపు ఎత్తు పెరిగినకొద్దీ పక్కనున్న రెయిలింగ్ పొట్టిదైపోతుంది. నిద్రలో దొర్లే మనిషికి పరుపు పైన కనీసం ఐదంగుళాల అడ్డు ఉండాలి. ప్రతి పరుపుకీ ఆరువైపులా మూసే జిప్ తొడుగు వేస్తున్నాం, నీళ్ళు దిగనిది. దిండుకీ అంతే. మన తలలకి కొబ్బరి నూనె రాసుకునే అలవాటు ఉంది, నేనూ రాసుకుంటాను. నూనె రాసుకోవద్దని ఎవరికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. గలీబు లోపల ఇంకో తొడుగు ఉంటే నూనె దిండుదాకా దిగదు.

మే చివర: డబ్బు తీసుకోవాలా వద్దా

అసలు చర్చ ఇదీ. తమ్ముడి మాట సూటిగా ఉంది. "అక్కా, మంచం ఐదొందలు పెడదాం. దుప్పటి, గలీబు కావలసినవాళ్ళు ఇంకో డెబ్బై ఇస్తారు. తెచ్చుకున్నవాళ్ళకి ఆ ఖర్చు తప్పుతుంది. సికింద్రాబాద్ గరీబ్‌రథ్‌లో బెడ్‌రోల్‌కి ఇరవై ఐదు తీసుకునేవాళ్ళు కాదూ?"

లోకంలో ఈ పద్ధతి కొత్తది కాదు. యూత్ హాస్టళ్ళు పుట్టిందే జర్మనీలో. రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులుకి పిల్లల్ని కాలినడకన ఊళ్ళు తిప్పుతుండగా 1909లో ఆ ఆలోచన వచ్చింది, 1912లో ఆల్టెనా కోటలో మొదటిది తెరిచారు. ఆ హాస్టళ్ళలో చాలాకాలం రివాజు ఏమిటంటే, ఎవరి సంచీ దుప్పటి వాళ్ళు తెచ్చుకోవాలి, లేదా అక్కడే అద్దెకి తీసుకోవాలి. రెండు అంచులూ కుట్టి సంచిలా చేసిన పల్చటి నూలు దుప్పటి అది. అందులో దూరి పడుకుంటే హాస్టల్ రగ్గు ఒంటికి తగలదు. మంచి ఆలోచనే. కానీ అక్కడి పిల్లలకి అది బడిబ్యాగులాగా అలవాటైన వస్తువు. మన దగ్గర ప్రయాణమంటే ఒక తువ్వాలు, ఒక లుంగీ, అంతే.

నా అభ్యంతరం వేరే. డెబ్బై రూపాయలు మిగుల్చుకుందామనుకునే కుర్రాడు ఏం చేస్తాడు? రైలు దిగి వచ్చిన ప్యాంటుతోనే ఉత్త పరుపు తొడుగు మీద పడుకుంటాడు. లేదా పాడేరు వైపు టెంటుతో పాటు అద్దెకి తీసుకున్న స్లీపింగ్ బ్యాగ్ తెచ్చి పరుస్తాడు. ఆ బ్యాగు నిన్న ఎవరి ఒంటి మీద ఉందో, మొన్న ఏ నేల మీద ఉందో ఎవరికీ తెలియదు. నల్లి నడిచి రాదు, సామానులో కూర్చుని వస్తుంది. దుప్పటికి ధర పెడితే, బయటి సామాను పరుపు మీదికి రావడానికి మనమే రాయితీ ఇచ్చినట్టు అవుతుంది. పేదవాడికి మేలు చేస్తున్నామనుకుంటాం గానీ, ఉత్త పరుపు మీద పడుకోవాల్సి వచ్చేది అతనికే.

కాబట్టి మంచం ఆరువందలు, పక్క అందులోనే. పన్ను సంగతి కూడా చూసుకున్నాం. రోజుకి 7,500 లోపు బసకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. దుప్పట్ల మీద, లాండ్రీ మీద మనం కట్టిన పన్ను మన నెత్తినే పడుతుంది. ఆరువందలు అనుకున్నప్పుడు అది కూడా కలుపుకున్నాం.

తమ్ముడు ఒక రోజంతా ముభావంగా ఉండి, మర్నాడు టిఫిన్ దగ్గర "సరే అక్కా, కానీ స్లీపింగ్ బ్యాగులకి లాకర్ పెద్దది పెట్టాలి" అన్నాడు. ఆ మాట బాగుంది. ఊరికే వద్దని చెప్తే మనిషి మంచం మీదే పెడతాడు. పెట్టుకోవడానికి చోటు చూపిస్తే వింటాడు. మంచాల కింద ఇనుప జాలీ లాకర్లు చేయిస్తున్నాం, పెద్ద బ్యాక్‌ప్యాక్ పట్టేంత.

జూన్ మొదట్లో: ఏ బట్ట, ఏ రంగు

షోలాపూర్ దుప్పట్లంటే నాకు ప్రాణం. ఆ మగ్గాల మీద కూర్చున్నవాళ్ళలో మన తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలు ఎందరో ఉన్నారు. కానీ ఆ బరువు దుప్పటి వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు. రగ్గు, రజాయి సంగతి అసలే వద్దు. రైళ్ళలో ఇచ్చే రగ్గులు కనీసం నెలకోసారి ఉతుకుతామని 2024 నవంబరులో రైల్వే మంత్రి పార్లమెంటులో చెప్పారు. అన్ని లక్షల మందికి ఇవ్వాల్సిన రైల్వేకి వేరే దారి లేకపోవచ్చు, అందుకే కప్పుకోవడానికి ఇంకో దుప్పటి అదనంగా ఇస్తారు. మాకు పదహారే. ఒకరు కప్పుకున్నది ఉతక్కుండా ఇంకొకరికి ఇవ్వకూడదు అనుకున్నాం. అలా అనుకున్నాక రోజూ ఉతికి ఆరబెట్టగలిగిన బట్టే కొనాలి.

విశాఖలో చలికాలం రాత్రి కూడా పల్చని నూలు దుప్పటి చాలు. ఏసీ గదిలో చలేస్తుందంటారా? కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. దాన్ని అక్కడే ఉంచి, రిమోట్ మా దగ్గర పెట్టుకుంటున్నాం. 24లో రెండు పొరల నూలు దుప్పటి హాయిగా ఉంటుంది. చలి పడనివాళ్ళకి ఉతికిన రెండో దుప్పటి ఉచితం, అడిగితే చాలు.

కప్పుకునే దుప్పట్లు ఎమ్మిగనూరు నుంచి తెప్పిస్తున్నాం. మాచాని సోమప్ప గారు నిలబెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు. కింద పరిచేవి కరూర్ బట్ట, అంచుకి ఎలాస్టిక్ ఉన్నవి. పై బంకులో మామూలు దుప్పటి పరిచి నాలుగు మూలలూ దోపాలంటే పరుపు ఎత్తాలి, నడుం విరుగుతుంది. ఎలాస్టిక్ అయితే ఒక్కరే రెండు నిమిషాల్లో వేస్తారు. నూలు ఉతికాక కుదించుకుంటుంది కాబట్టి ఆరడుగుల పరుపుకి అన్ని వైపులా కాస్త ఎక్కువ పెట్టి కుట్టించాం.

కింద పరిచేది తెల్లది. మరకలు కనిపిస్తాయని తమ్ముడు ముదురు నీలం అన్నాడు. మరకలు కనిపించాలనే తెలుపు. నల్లి చుక్క ముదురు నీలం మీద ఎవరికీ కనిపించదు, తెలుపు మీద మొదటి రోజే పట్టేస్తాం. వచ్చిన మనిషికి కూడా తెల్ల దుప్పటి చూస్తే అడక్కుండానే నమ్మకం కుదురుతుంది.

లెక్క: మంచానికి ఒక జత పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. మూడు పదహార్లు నలభై ఎనిమిది. అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజులకి నాలుగో జత కావాలి, అంటే అరవై నాలుగు. తమ్ముడు తల పట్టుకున్నాడు. హుద్‌హుద్ అప్పుడు ఊళ్ళో ఎన్ని రోజులు కరెంటు లేదో వాడికీ గుర్తే. కొన్నాం.

జూన్ చివర: ఉతుకు

బయటి లాండ్రీవాళ్ళని కిలో లెక్కన అడిగాం. ధర ఫర్వాలేదు గానీ మా దుప్పట్లు ఇంకో లాడ్జి దుప్పట్లతో కలిపి వేస్తారా అంటే సూటిగా జవాబు లేదు. ఇంట్లోనే ఉతకాలని నిర్ణయం. పెద్ద వాషింగ్ మెషిన్, దానితో పాటు డ్రయ్యర్. డ్రయ్యర్ ఖరీదు చూసి టెన్షన్ పడ్డాం, కానీ బాగా వేడిగా అరగంట తిరిగితే నల్లీ చస్తుంది, గుడ్డూ చస్తుంది. ఎండలో ఆరేస్తే బట్ట ఆరుతుంది గానీ ఆ హామీ లేదు. పైగా మా డాబా సముద్రానికి ఎంత దగ్గరంటే, సాయంత్రం నాలుగు దాటాక తీగ మీదున్న బట్ట మళ్ళీ చెమ్మగిల్లుతుంది. ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం దాకా డాబా, తర్వాత డ్రయ్యర్‌లో ఒక విడత. కరెంటు బిల్లూ తగ్గుతుంది.

ఉతుకు చూసుకోవడానికి పెదవాల్తేరు నుంచి ఒక పిన్ని వస్తోంది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి బట్టలు ఉతికిన మనిషి. మొదటి రోజే నా చేతిలో సబ్బు లాక్కుంది. పసుపు మరక చూసి రుద్దబోయాను.

"సబ్బెట్టకమ్మా, ఎర్రగైపోద్ది. నీల్లతో జాడించి ఎండలో పడెయ్యి. సూరుడే తీసుకెల్లిపోతాడు."

ఇంకో గుడ్డకి ఒక మూల సబ్బు రాసి చూపించింది. పసుపు చూస్తుండగానే ఇటుకరాయి రంగుకి తిరిగింది. జాడించి ఎండలో వేసినది మధ్యాహ్నానికి సగానికి సగం వెలిసిపోయింది. రక్తపు మరకకి చన్నీళ్ళే ముందు, వేణ్ణీళ్ళు తగిలితే అతుక్కుపోతుందని కూడా చెప్పింది. ఇవన్నీ గోడ మీద రాసి పెట్టించాను, రేపు ఇంకెవరు వచ్చినా చూసుకోవడానికి.

మరకల నుంచి జరిమానాల మాట వచ్చింది. చాలాచోట్ల దుప్పటికి మరక పడితే డబ్బు పట్టుకుంటారు. మా దగ్గర మరకకి జరిమానా లేదు. ఇందులో నేను ఒక్క అంగుళం కూడా తగ్గదలుచుకోలేదు. నెలసరిలో ఉన్న ఆడపిల్ల తెల్లవారుజామున లేచి చూసుకుని, డబ్బు అడుగుతారేమో, నలుగురిలో అంటారేమో అని దుప్పటి ఉండచుట్టి మంచం కింద దాచేస్తే ఆ పిల్లకి అవమానం, మాకు సాయంత్రానికి వదలని మరక. అందుకే ఆడవాళ్ళ గదిలో బాత్రూం పక్కన మూత ఉన్న బుట్ట ఒకటి, పక్కనే బీరువాలో ఉతికిన దుప్పట్లు. ఎవరినీ అడగక్కర్లేదు, ఏ రాత్రి అయినా తీసి మార్చుకోవచ్చు. చిన్నపిల్లలు పక్క తడిపినా అంతే. చించినా, కాల్చినా, పట్టుకెళ్ళినా మాత్రం వెల కట్టాలి.

జులై: నియమాల కాగితం

మంచం ముందే వేసి ఉంచాలా, రైల్లోలా పొట్లం ఇచ్చి వాళ్ళనే వేసుకోమనాలా? రైలు పొట్లంలో ఒక మేలుంది, మడత విప్పేది మనమే కాబట్టి ఉతికిందని నమ్మకం. కింది దుప్పటి మేమే వేసి ఉంచుతాం. గలీబు, కప్పుకునే దుప్పటి ఇస్త్రీ మడతతో నాడా కట్టి దిండు మీద పెడతాం.

వెళ్ళేటప్పుడు పక్క తీసి బుట్టలో వెయ్యమని చాలా హాస్టళ్ళలో అడుగుతారు. మేం అడగం. పక్క తీసేటప్పుడే పరుపు కుట్లు, మంచం సందులు టార్చి వేసి చూడాలి, అది మా పని.

మంచం పక్కన అంటించే కాగితం ఇలా వచ్చింది: "మీ పక్క మీ కోసమే ఉతికి వేశాం. డబ్బు అదనంగా లేదు. బయటి దుప్పట్లు, స్లీపింగ్ బ్యాగులు, సంచులు పరుపు మీద పెట్టవద్దు, కింద లాకర్ ఉంది. బీచ్ నుంచి వస్తే గేటు పక్క కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోండి. నాలుగో రోజున పక్క మారుస్తాం, ముందే కావాలంటే అడగండి. మరక పడితే చెప్పండి, డబ్బు తీసుకోం. ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే ఏ వేళైనా మమ్మల్ని లేపండి." చివరి వాక్యం ఎందుకు, లేనిపోని అనుమానం పుట్టిస్తుంది అన్నాడు తమ్ముడు. మొదటి రోజు తెలిస్తే ఒక మంచంతో పోతుంది, పదో రోజు తెలిస్తే గదంతా ఖాళీ చెయ్యాలి. ఉంచేశాం.

తువ్వాలు అందరూ తెచ్చుకుంటారు. లేనివాళ్ళకి వంద రూపాయలు పట్టుకుని ఇస్తాం, తిరిగిస్తే వందా వాపసు.

జులై చివర

గిరి ప్రదక్షిణకి వెళ్ళే చుట్టాలు, తెలిసినవాళ్ళు అప్పుడే ఫోన్లు మొదలుపెట్టారు. ముప్పై రెండు కిలోమీటర్ల దారి అప్పూఘర్ మీదుగా వెళ్తుంది, మా ఇల్లు దగ్గరే. "ఒక గంట నడుం వాల్చనివ్వండి చాలు" అంటున్నారు. గంట పడుకున్నా పక్క మార్చాల్సిందే కదా. రాత్రంతా వస్తూ పోతూ ఉంటే అరవై నాలుగు జతలూ తెల్లారేసరికి బుట్టలో ఉంటాయి. చర్చించి ఇలా అనుకున్నాం. ఆ రాత్రి మంచాలు అద్దెకి తీసుకున్నవాళ్ళకే. కింద హాలు నేల కడిగి వరంగల్ జంపఖానాలు పరుస్తాం, మనిషికో ఉతికిన దుప్పటి, మజ్జిగ, కాళ్ళకి వేణ్ణీళ్ళు. డబ్బు వద్దు. మర్నాడు జంపఖానాలన్నీ డాబా మీద ఉతుకుడే. పిన్ని ఆ రోజుకి తన చెల్లెల్ని కూడా తీసుకొస్తానంది. విడి దుప్పట్లు ఇంకో ఇరవై కావాలి, ఎమ్మిగనూరుకి ఇవాళే ఫోన్ చేశాను.